పాత పెంకుటిల్లు, పెద్దవయసు అమ్మ: ముందు ఏది బాగు చేయాలి?

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇది. అమలాపురం దగ్గర పల్లెలో నాన్నగారు 1971లో కొన్న మండువా పెంకుటిల్లు (చుట్టూ గదులు, మధ్యలో పైకప్పు లేని జాగా), అప్పటికే పాతది. ఆయన పోయాక 78 ఏళ్ల అమ్మగారు ఆ ఇల్లు వదిలి రానంటున్నారు, మీకు ఇంటి నుంచి పని చేసుకునే వీలు దొరికి అక్కడికి వచ్చేశారు. కప్పు కారుతోంది, గోడలు చెమ్మెక్కుతున్నాయి. అన్నయ్య ఫోన్లో "కూలగొట్టి స్లాబు వేసేద్దాం" అంటాడు, తమ్ముడు "అమ్మని హైదరాబాద్ తీసుకొచ్చెయ్" అంటాడు, ఖర్చు మాత్రం మీ చేతిలోంచే పోతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

నేను పంచాయతీరాజ్‌లో ఇంజనీరుగా చేసి రిటైరైనవాణ్ణి, మా అమ్మను చివరిదాకా ఇలాంటి ఇంట్లోనే చూసుకున్నాం. కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను. ఇల్లంతా బాగు చేయించే పని పెట్టుకోకండి. అది డబ్బును మింగుతుంది, మీ ఓపికనీ మింగుతుంది, పని అయ్యేసరికి అమ్మగారు ఏ స్థితిలో ఉంటారో చెప్పలేం. ఇంట్లోకి నీళ్లు దిగకుండా చూడండి, ఆవిడ రోజూ నడిచే దారిని బాగు చేయండి. మిగతా గదులు తాళం వేసి, నెలకోసారి తెరిచి గాలి తగలనిస్తే చాలు. రంగులు, కొత్త టైల్సు, మాడ్యులర్ కిచెన్ ఇవన్నీ చూడ్డానికి వచ్చే చుట్టాల కోసం.

ముందు కప్పు. మిట్టమధ్యాహ్నం తలుపులన్నీ మూసేసి, లైటు ఆపేసి, ఒక్కో గదిలో నిలబడి పైకి చూడండి. పెంకు పగిలినచోట, జరిగినచోట చుక్కల్లా వెలుతురు కనిపిస్తుంది. ఆ చుక్క కిందున్న వాసం మీద సుద్దముక్కతో గుర్తు పెట్టించండి, పైకెక్కినవాడికి వెతుక్కునే పని తప్పుతుంది. లేకపోతే వాడు కప్పంతా తొక్కుతూ తిరిగి, పది పెంకులు మార్చడానికి ఇరవై పగలగొట్టి దిగుతాడు. కొత్త పెంకులు కొనేముందు పాతదాన్ని ఒకటి తీసి వెనక్కి తిప్పి చూడండి, కంపెనీ పేరు అచ్చు ఉంటుంది. మంగళూరు పెంకుల్లో ఒక కంపెనీ గాడి ఇంకో కంపెనీ గాడిలో సరిగ్గా కూర్చోదు, మధ్యలో సందు మిగులుతుంది, గాలివాన వచ్చిందంటే ఆ సందులోంచే నీళ్లు. ఆ అచ్చు ఫొటో తీసి పాత ఇళ్ల సామాను అమ్మేవాళ్లకు చూపించండి, అదే రకం దొరికితే నాలుగు ఎక్కువే తెచ్చి పెరట్లో పేర్చి పెట్టుకోండి. కోతులున్న ఊరైతే ఇంకా ఎక్కువ తెచ్చుకోండి. కారుతున్న సందుల్లో సిమెంటు మెత్తించడానికి మాత్రం ఒప్పుకోకండి. ఎండకు పెంకు ఒకలా సాగుతుంది, సిమెంటు ఇంకోలా, ఏడాది తిరక్కుండా బీటలిస్తుంది, తర్వాత ఆ పెంకు తీద్దామన్నా పగలకుండా రాదు.

మండువా ఇంట్లో ఎక్కువగా కారేది పెంకుల దగ్గర కాదు, నాలుగు వాలులూ కలిసే లోపలి మూలల్లో. అక్కడ కింద వేసిన జింకు రేకు తుప్పుపట్టి చిల్లులు పడుతుంది, ఎండుటాకులు పేరుకుంటే నీళ్లు పొర్లి గోడలోకి దిగుతాయి. ఆ నాలుగు రేకులూ మార్పిస్తే మీ సమస్య చాలావరకు తీరుతుందని నా అనుమానం. ఈ పనంతా రోహిణి కార్తెలో అయిపోవాలి. మృగశిర వచ్చాక పెంకు తీయించడమంటే ఆకాశాన్ని ఇంట్లోకి పిలవడమే.

పెంకుల కన్నా ముఖ్యంగా చూడాల్సింది కర్ర. మీరు "దూలం మీద మట్టి గీతల్లాంటివి కనిపిస్తున్నాయి" అన్నారు, అవి చెదల దారులు. దూలం మధ్యలో కాదు, గోడలోకి వెళ్లే కొసల్లో చూడాలి, చెమ్మ అక్కడే పడుతుంది, పుచ్చడం అక్కడే మొదలవుతుంది. చిన్న సుత్తితో కొసన తట్టించండి. గట్టి కర్రయితే ఖణేల్‌మని పలుకుతుంది, లోపల డొల్లయితే డుబ్బుమని చప్పుడొస్తుంది, అప్పుడు స్క్రూడ్రైవరు గుచ్చితే బొటనవేలంత లోపలికి దిగిపోతుంది. అలా దిగిన దూలం కింద అమ్మగారి మంచం ఉంటే ఆ రాత్రే జరపండి, వడ్రంగి వచ్చేదాకా ఆగొద్దు. కొస పుచ్చినంత మాత్రాన దూలమంతా మార్చనక్కర్లేదు, గోడ పక్కన ఇటుక స్తంభమో ఇనప గడ్డరో నిలబెట్టి బరువు దానిమీదికి దింపొచ్చు. అందంగా ఉండదు, నిజమే. చెదల మందు కొట్టించేటప్పుడు ఘాటు వాసన లేనిది అడగండి, ఇమిడాక్లోప్రిడ్ రకం దొరుకుతుంది. ఏ మందైనా సరే, పూర్తిగా ఆరేదాకా అమ్మగారిని ఆ గదిలో పడుకోనివ్వొద్దు.

చెమ్మ గోడల సంగతి. అవి సున్నం గోడలు. సున్నం తడిని పీలుస్తుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. దానిమీద సిమెంటు ప్లాస్టరింగ్ చేసి ప్లాస్టిక్ పెయింటు వేస్తే తడి బయటికి వచ్చే దారి మూసుకుపోయి, గోడలోనే పైకి పాకుతుంది. మోకాలి ఎత్తున ఉన్న చెమ్మ నడుం దాకా ఎక్కుతుంది. మేస్త్రి తప్పకుండా సిమెంటే చేద్దామంటాడు, ఇప్పుడు సున్నం పని తెలిసినవాళ్లు తక్కువ. దొరికేదాకా ఉబ్బిన చోట గీకించి వదిలేయండి, మామూలు వెల్ల వేయించండి.

ఇంకోటి, బయటికెళ్లి ఒకసారి రోడ్డు చూడండి. మన ఊళ్లలో వేసిన రోడ్డు మీదే మళ్లీ సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోయారు, పాత ఇళ్లు పల్లంలో పడ్డాయి. ఒకప్పుడు నాలుగు మెట్లెక్కి అరుగు మీదికి వెళ్లే ఇంటికి ఇప్పుడు ఒకటే మెట్టు మిగిలింది. పెరట్లో కూడా మట్టి పోసీ పోసీ నేల ఎత్తుగా అయిపోయి గోడకు ఆనుకుని ఉంటుంది. గోడ చుట్టూ మూరెడు వెడల్పున ఆ మట్టి తవ్వించి, వాలు బయటికి ఉండేట్టు చేయిస్తే చెమ్మ సగం తగ్గుతుంది. ఇద్దరు కూలీల పని ఇది, దీనికి ఇంజనీరు అక్కర్లేదు.

ఇక అమ్మగారి దారి. ఒక రోజంతా ఆవిడకు తెలియకుండా వెనకే తిరగండి. మంచం దగ్గర్నుంచి బాత్రూముకి, అక్కడ్నుంచి వంటింటికి, తులసికోటకి, సాయంత్రం వీధరుగుకి ఎలా వెళ్తున్నారో, ఎక్కడ ఆగుతున్నారో, చెయ్యి ఎక్కడ వేస్తున్నారో చూడండి. మీరు చూడకపోయినా గోడ చెబుతుంది. ద్వారబంధం పక్కన, స్తంభం మీద, బీరువా అంచున చెయ్యి ఆనే ఎత్తులో జిడ్డుగా నల్లటి మరక ఉంటుంది. పట్టుకునే కడ్డీ పెట్టాల్సింది సరిగ్గా అక్కడ. పుస్తకాల్లో రాసిన ఎత్తు మీ అమ్మగారి ఎత్తు కాకపోవచ్చు, ఆ మరక మాత్రం ఆవిడదే.

కడ్డీ ఎలా బిగిస్తారన్నది ముఖ్యం. సున్నం గోడలో ప్లాస్టిక్ ప్లగ్గు పెట్టి స్క్రూ బిగిస్తే మనిషి బరువు పడగానే ఊడి చేతికొస్తుంది. గోడకు అడ్డంగా బోల్టు దూర్చి, అవతలి వైపు ఇనప ప్లేటు పెట్టి నట్టు బిగించాలి, లేదా నేలలోంచి నిలువుగా గొట్టం పాతాలి. టవల్ రాడ్డు పట్టుకునే కడ్డీ కాదు. ఆన్‌లైన్‌లో దొరికే రబ్బరు కప్పులతో గోడకు అతుక్కునే హ్యాండిల్ అయితే అసలు లేకపోవడమే నయం, దాన్ని నమ్మి బరువు వేస్తారు కాబట్టి.

గడపల గురించి ఇంట్లో గొడవ అయిందని రాశారు. మీరు తీయించేద్దామన్నారు, ఆవిడ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. సింహద్వారం గడప జోలికి వెళ్లకండి, పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి శుక్రవారం శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టిన గడప అది. నిజానికి మసక కళ్లకు పసుపు రాసిన గడప బాగానే కనిపిస్తుంది, తట్టుకునేది లోపలి గదుల మధ్య రంగు వెలిసిన గడపలకి. వాటిని తీయించడానికి ఆవిడ ఒప్పుకుంటారు, అడిగే తీరులో అడిగితే. తీయలేని గడపకు రెండు పక్కలా సగం ఎత్తున మెట్టులా కట్టించి, పక్కన పట్టుకోవడానికి కడ్డీ పెట్టించండి. చక్రాల కుర్చీకి వాలు కావాలి, దానికి అంగుళం ఎత్తుకు అడుగు పొడవు లెక్క, అంటే ఆరంగుళాల ఎత్తుకు ఆరడుగులు పోతుంది, పాత ఇంటి గదుల్లో అంత చోటెక్కడిది? నడవగలిగిన మనిషికి నిటారు వాలు కన్నా మెట్టే మేలు. పసుపు తడిగా ఉన్నంతసేపు గడప జారుతుంది, ఆ పని పొద్దున్నే చేసి ఆరేదాకా ఆవిడను అటు రానివ్వకపోతే సరిపోతుంది. లేదా ఆవిడ పీట వేసుకుని కూర్చుని రాస్తారు, మీరు నీళ్లందించండి.

బాత్రూము పెరట్లో ఉంది కాబట్టి ఒకే ఒక్క కొత్త కట్టడం చేయండి, పడగ్గదికి ఆనుకుని చిన్న బాత్రూము, వెస్టర్న్ కమోడ్‌తో. మీ బడ్జెట్లో పెద్ద మొత్తం దీనికే పోనివ్వండి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల పడిపోతే మనిషి తలుపుకి అడ్డం పడతారు, లోపలికి తెరుచుకునే తలుపైతే తీయడానికి వీలుకాదు. గొళ్లెం బయటి నుంచి కూడా తీయగలిగేది పెట్టించండి. నేలకు గరుకు టైల్సు, స్నానానికి ప్లాస్టిక్ కుర్చీ, చెంబు అందే ఎత్తులో బకెట్టుకో దిమ్మె. ఇంట్లో మిగతా చోట నాపరాళ్లు గానీ పాత గచ్చు గానీ ఉంటే దండం పెట్టి అలాగే ఉంచండి. "అమ్మకు నీట్‌గా ఉంటుంది" అని నున్నటి విట్రిఫైడ్ టైల్సు వేయించి, ఆ నెలలోనే తుంటి ఎముక విరగ్గొట్టుకున్నవాళ్లను నేను చూశాను.

రాత్రి పూట మంచం దగ్గర్నుంచి కమోడ్ దాకా కింది ఎత్తులో చిన్న లైట్లు ఉండాలి, స్విచ్చు పడుకున్నచోటే చేతికందాలి. కరెంటు పోతే ఆ లైట్లు ఇన్వర్టరు మీద వెలగాలి. లేచిన వెంటనే నడవకుండా మంచం అంచున కాసేపు కూర్చుని, కళ్లు తిరగడం లేదని చూసుకుని లేవడం అలవాటు చేయండి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు ఇది మరీ అవసరం.

వైరింగు చెక్క పట్టీల మీద వెళ్తోందన్నారు, అంటే ఎర్తు ఉండదు. తడి గోడలు, గీజరు, ఎర్తు లేని ఇల్లు, ఈ మూడూ ఒక్కచోట ఉండకూడదు. మెయిన్ దగ్గర 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) పెట్టించండి, కొత్తగా ఎర్తు గుంట తవ్వించండి. మొదట్లో ఆ ఆర్‌సీసీబీ ఊరికే ట్రిప్ అవుతుంది, ఎందుకంటే పాత తీగల్లో ఎక్కడో లీకేజీ ఉంటుంది. ఎలక్ట్రీషియను "ఇది మీ ఇంటికి పనికిరాదండీ" అని తీసి పక్కన పెట్టేస్తాడు. తీయనివ్వకండి, అది తన పని తాను చేస్తోంది. లీకేజీ ఏ గదిలో ఉందో పట్టుకోమనండి, అవసరమైతే మూసేసిన గదులకు కరెంటు కోసేయించండి.

పెరటి గోడకు ఆనించి పేర్చిన కొబ్బరి డొక్కలు, కట్టెలు, పాత పెంకులు దూరంగా జరపండి. కోనసీమలో ఉన్నారు, తేళ్లకీ పాములకీ చోటు మనమే చూపిస్తాం. బావి వాడకంలో లేకపోతే ఒర మీద ఇనప జాలీ పెట్టి తాళం వేయండి. మతిమరుపు ముదిరే వయసులో వాడని బావి తెరిచి ఉంచడం మంచిది కాదు.

ఇప్పుడు గోడల్ని పక్కన పెడదాం. మీరు రాసిన దాంట్లో ఒక మాట నాకు గుచ్చుకుంది, "అమ్మ నా దగ్గర ఉంటోంది" అన్నారు. ఆవిడ మీ దగ్గర లేరు, మీరు వెళ్లి ఆవిడ దగ్గర ఉంటున్నారు. ఉప్పు డబ్బా ఎక్కడుండాలో, పాలవాడితో ఎంత గీచి గీచి మాట్లాడాలో ఆవిడ ఇష్టం. సామాన్లు సర్దుతున్నామని మంచం దిశ మార్చకండి, బీరువా జరపకండి. చూపు తగ్గినవాళ్లు చీకట్లో కళ్లతో కాదు, అలవాటుతో నడుస్తారు, మూడడుగులు వేశాక బీరువా తగలాలని ఒంటికి తెలుసు. అందుకే స్లాబు వేసి కొత్త ఇల్లు కట్టేద్దామన్న మీ అన్నయ్య మాట ఇప్పటికి ఒప్పుకోవద్దంటాను. కొత్త ఇల్లు ఎంత బాగున్నా ఆవిడకు అది తెలియని ఊరే. వంటింట్లోకి రానివ్వకుండా చేయకండి కూడా. కూరగాయలు కూర్చుని తరుగుతారు, పోపు మీరు పెట్టండి, రాత్రి గ్యాసు రెగ్యులేటరు మీరే కట్టేయండి. మీటింగులో ఉండగా ఆవిడ పిలిచారని చిరాకు పడ్డానని రాశారు. మంచం పక్కన వైర్లెస్ కాలింగ్ బెల్ పెట్టండి, ఒకసారి నొక్కితే మామూలు పని, ఆగకుండా నొక్కితే పరుగెత్తాలి అని చెప్పుకోండి. అప్పుడు ప్రతి పిలుపుకీ టెన్షన్ ఉండదు.

డబ్బు, వాటాలు. ఇది మాట్లాడటం అందరికీ ఇబ్బందే, మాట్లాడకపోతే ఇంకా ఇబ్బంది. ఇల్లు నాన్నగారి స్వార్జితం, విల్లు రాయలేదు, నాయనమ్మగారు అంతకుముందే పోయారు అన్నారు. అలాగైతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మగారికీ మీ ముగ్గురికీ తలా పావు. ఆడపిల్లవి నీకెందుకు అనడానికి లేదు. అంటే మీరు సగం జీతం పోసి బాగుచేస్తున్న ఇంట్లో మూడొంతులు మీది కాదు. చేయొద్దని కాదు, చేసేముందు లెక్క రాయండి. కుటుంబం వాట్సాప్ గ్రూపులో పని మొదలయ్యే ముందే "కప్పుకు ఇంత, బాత్రూముకు ఇంత అవుతోంది, ఎవరెంత పెడతారు" అని పెట్టండి, ప్రతి బిల్లు ఫొటో అక్కడే వేయండి. ఎవరూ పెట్టకపోయినా ఆ మాట రాతలో ఉండాలి. కప్పు, బాత్రూము, వైరింగు, ఈ మూడింటికీ అందరినీ అడగండి. మీ ఆఫీసు గదికి ఏసీ మీ ఖర్చు.

అమ్మగారు తన పావు వాటా మీ పేర రాస్తానంటున్నారని చెప్పారు. తొందరపడి సెటిల్‌మెంట్ (వాటాను ఇప్పుడే బదిలీ చేసే దస్తావేజు) రాయించుకోకండి, రేపు అన్నదమ్ములు "ఒంటరిగా ఉన్నప్పుడు రాయించుకుంది" అంటారు. ఆవిడకు విల్లు రాయడం మేలు, బతికున్నన్నాళ్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఇద్దరు సాక్షులుండాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే గొడవ తక్కువ. లేదు, ఇప్పుడే రాస్తానంటే, ఆవిడను చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే ఉండాలి. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది, అలాంటి షరతుతో రాయించుకుని చూడకపోతే ఆ బదిలీ రద్దు చేయమని ఆర్డీఓ దగ్గరుండే ట్రిబ్యునల్‌ను అడగొచ్చు. ఆ షరతు మీకు వ్యతిరేకం కాదు, మీరు చిత్తశుద్ధితో ఉన్నారని అన్నదమ్ములకు చూపించే కాగితం కూడా అదే. ఈలోగా పంచాయతీలో ఇంటిపన్ను ఇంకా నాన్నగారి పేరునే వస్తుంటే అమ్మగారి పేరుకు మార్పించే పని మొదలుపెట్టండి, మండలాఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని ఉంచండి. 70 దాటినవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా 5 లక్షల దాకా వైద్యం అందించే ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు, ఆధార్‌తో అది కూడా చేయించండి. పెద్దవాళ్ల విషయంలో ఏ సమాచారం కావాలన్నా 14567 హెల్ప్‌లైన్ ఉంది.

మీ తమ్ముడి మాట పూర్తిగా కొట్టిపారేయను. రాత్రి బాత్రూముకి తీసుకెళ్లడానికి ఇద్దరు మనుషులు కావాల్సిన రోజు వస్తే, లేదా ఆవిడ వేళకాని వేళ గేటు తీసుకుని వెళ్లిపోవడం మొదలైతే, అప్పుడు పల్లెలో మీరొక్కరే చేయలేరు, చేయాలని మొండికేయకండి. అప్పటిదాకా ఆయన్ను వేరే పనికి వాడుకోండి. కప్పు పని జరిగినన్నాళ్లు దుమ్ము, మట్టి, మనుషుల గోల. ఇంటిని రెండు భాగాలు చేసుకుని, ఒక వైపు పెంకు తీస్తుంటే ఆవిడ రెండో వైపు ఉండేట్టు పని విడగొట్టమని మేస్త్రికి ముందే చెప్పండి, కొంచెం ఎక్కువ అడుగుతాడు, ఇచ్చేయండి. ఆ రోజుల్లో తమ్ముణ్ణి సెలవు పెట్టి ఊరికి రమ్మనండి, ఆవిడను అటు పంపడం కాదు. ఆయన అమ్మ దగ్గర కూర్చుంటే మీరు మేస్త్రి దగ్గర నిలబడొచ్చు, లేదా మీరు నాలుగు రోజులు ఎటైనా వెళ్లి నిద్రపోయి రావచ్చు. రెండోదే చేయమంటాను. మేస్త్రిని మీ తమ్ముడు చూసుకుంటాడు, ఒక్క వారం ఆ ఇంట్లో ఉండి ఖర్చు పెడితే ఫోన్లో సలహాలు కూడా మారతాయి.